మా మేనత్త ఎడంచెయ్యి

మొన్న ఆదివారం మంగళగిరిలో మా అపార్టుమెంటు లిఫ్టు ముందు, పై అంతస్తులో ఉండే అమ్మాయి మా ఆవిడకి పెళ్ళికార్డు ఇచ్చింది. కుడిచేతిలో ఫోనుంది, ఎవరితోనో మాట్లాడుతోంది, అందుకని ఎడంచేత్తో ఇచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది, తప్పకుండా రావాలి ఆంటీ అని తల ఊపి సైగ కూడా చేసింది. మా ఆవిడా నవ్వుతూనే పుచ్చుకుంది. ఇంట్లోకొచ్చాక మాత్రం ఆ కార్డుని చెప్పుల స్టాండు మీద పడేసి రెండు రోజులు దాని వంక చూడలేదు. "పెళ్ళికి పిలిచే పద్ధతేనా అది?" అంది. మూడో రోజు తనే విప్పి చదివింది, భోజనాలు ఎక్కడో తెలియాలి కదా. నేనేమీ అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే. కానీ ఆ రెండు రోజులూ నాకు మా మేనత్త గుర్తొస్తూనే ఉంది. ఎడంచెయ్యి విషయంలో మా ఆవిడ పట్టింపు మా మేనత్త పట్టింపు ముందు ఏ మూలకి? ఆవిడ ఆ పట్టింపుతో ఏకంగా పరలోకాన్నే వదులుకోబోయింది.

అత్తయ్యది గుంటూరు నుంచి గంటన్నర బస్సు ప్రయాణంలో ఉన్న మిరప ఊరు. ఫిబ్రవరి వచ్చిందంటే ఊరి చుట్టూ కల్లాల్లో కాయలు ఆరబోసి ఉంటాయి, ఆ ఘాటు బస్సు కిటికీల్లోంచే లోపలికొస్తుంది. బస్సు దిగి తుమ్మేవాడు చుట్టమనీ, తుమ్మనివాడు ఊరివాడనీ అత్తయ్య కొడుకు, మా బావ, అనేవాడు. మా నాన్నకి బదిలీల ఉద్యోగం కావడం వల్ల నేను చిన్నప్పుడు మూడేళ్ళు ఆ ఊళ్ళో, అత్తయ్య ఇంట్లో ఉండి చదువుకున్నాను. అంచేత నన్ను పెంచినవాళ్ళలో ఆవిడా ఒకరు. మనిషి పొడగరి, మాట గట్టి, నడక వేగం. పత్తి తీతలకీ మిరప కోతలకీ వెళ్ళి వెళ్ళి ఆవిడ అరచెయ్యి మగవాళ్ళ చెయ్యంత వెడల్పైంది. ఆ కుడిచేత్తో వీపు మీద ఒకటి ఇచ్చిందంటే ఎందుకిచ్చిందో ఆ ఏడాదంతా మర్చిపోయేవాళ్ళం కాదు. మావయ్య నెమ్మదస్తుడు. మిరపకాయల కాటా దగ్గర పనిచేస్తూ, ఎవర్నీ పల్లెత్తు మాట అనకుండా బతికి, అలాగే పోయాడు. ఆయన అనని మాటలు కూడా అత్తయ్యే అనేది కాబట్టి ఇంట్లో ఆ లోటు తెలిసేది కాదు.

మా చర్చిల్లో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. ఇల్లాలు అన్నానికి బియ్యం కొలుచుకుని, కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తుంది. పూటకొక పిడికెడు. ఆదివారం ఆ డబ్బా తీసుకెళ్ళి చర్చిలో పెట్టిన పెద్ద బుట్టలో గుమ్మరిస్తుంది. ఆ బియ్యం అయ్యగారింటికి వెళ్తుంది. అయ్యగారంటే పాస్టరుగారు. పాతరోజుల్లో వాళ్ళకి జీతం వచ్చినా రాకపోయినా ఈ బియ్యం మాత్రం వచ్చేది. నూరిళ్ళ బియ్యం, ఒకరిది సన్నం, ఒకరిది దొడ్డు, ఒకరిది రేషను, ఒకరివి ఉట్టి నూకలు. అన్నీ కలిసి ఒకే గిన్నెలో ఉడకాలి. కొన్ని మెతుకులు జావైపోతే కొన్ని పలుకుగా ఉండిపోయేవి. అయ్యగారింట్లో అన్నం ఎప్పుడూ సరిగ్గా ఉడకదనీ, అందుకే ఆయన ప్రసంగాలు కూడా ఉడికీ ఉడక్కుండా ఉంటాయనీ మా నాన్న వేళాకోళం చేసేవాడు. అత్తయ్యకి తమ్ముడి ఈ తరహా మాటలు గిట్టేవి కావు.

ఆవిడ పిడికెడు ఊళ్ళో ప్రసిద్ధి. కొందరు మునివేళ్ళతో నాలుగు గింజలు తీసి పిడికెడు అనిపించేవాళ్ళు. ఈవిడ గుప్పిట నిండా, వేళ్ళ సందుల్లోంచి గింజలు జారేలా తీసేది. జ్వరమొచ్చినా సరే, కోతల నుంచి ఒళ్ళు హూనమై వచ్చినా సరే, అది తప్పలేదు. నాకు బాగా గుర్తున్నది ఒక వానాకాలం. పదిరోజులుగా ముసురు, పనులు లేవు, ఇంట్లో బియ్యం అడుగంటాయి. చేటలో మూడు గుప్పెళ్ళ బియ్యం ఉన్నాయి, తినేవాళ్ళం నలుగురం. నేను పొయ్యి పక్కన కూర్చుని చూస్తున్నాను. ఆవిడ ఆ మూడు గుప్పెళ్ళలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి మూత పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. "అత్తా, అయ్యి మన బియ్యమే గదా" అన్నాను. "మనయ్యైతే మన కుండలోనే ఉండేయి" అంది. ఆ పూట గంజి తాగాం. నిజం చెప్పొద్దూ, నాకు దేవుడి మీద కోపం రాలేదు, అత్తయ్య మీదే వచ్చింది. చాలా ఏళ్ళు ఉంది కూడా. చదువుకుని ఉద్యోగంలో చేరి, నా పిల్లలకి నేను వడ్డించుకునే రోజుల్లో కూడా ఆ డబ్బా మూత గుర్తొస్తే మనసులో చిరచిరలాడేది.

ఇందులో తమాషా ఏమిటంటే, మా నమ్మకం ప్రకారం ఆ గుప్పెడుకి అంత విలువ లేదు. మాది పాతకాలపు మిషను చర్చి. మనిషికి రక్షణ దొరికేది దేవుడి కృప వల్ల, ఆ కృపని నమ్మడం వల్ల. మనం చేసే మంచిపనులకి కూలిగా కాదు అన్నది మావాళ్ళ పునాదిరాయి. ఆదివారం బడిలో మాకు పాటల కంటే ముందు నేర్పింది అదే. రక్షణ దేనివల్ల అని అడిగితే కృప వల్ల అని పిల్లలందరం ఒక్క గొంతుతో అరిచేవాళ్ళం. అత్తయ్యని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేది. చెప్పి, లేచి వెళ్ళి గుప్పెడు తీసేది. నోటిది ఒక నమ్మకం, చేతిది ఇంకో నమ్మకం. ఆవిడ ఒక్కర్తినే అనడమెందుకు, మేమందరం అంతే. దేనికైనా పెట్టిపుట్టాలి అనే మాట మా ముత్తాతల నుంచి వస్తోంది. ముత్తాతలు మతం మారారు గాని ఆ మాట వాళ్ళతోపాటే చర్చిలోకి వచ్చి మా పక్కనే చాప మీద కూర్చుంది.

డెబ్బై ఎనిమిదో ఏట, కల్లంలో కాయలకి తొడిమలు తీస్తూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కుడిపక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. గుంటూరు ఆసుపత్రిలో మూడు వారాలుంది. వంకరపోయిన మూతి సర్దుకుంది, మాట తిరిగొచ్చింది, కాలు ఈడ్చుకుంటూ కర్రతో నడిచేపాటి ఓపిక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. "ఎవరిదో చెయ్యి తెచ్చి నా ఒళ్ళో పెట్టిపోయార్రా అల్లుడూ" అనేది. నేనప్పుడింకా పత్తి మిల్లులో ఉద్యోగంలో ఉన్నాను. నెలకి సరిపడా మందులు గుంటూరులో కొని, ప్రతి నెలా మొదటి ఆదివారం పట్టుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. ఆ ఆదివారమే చర్చిలో ప్రభువు బల్ల కూడా ఉంటుంది కాబట్టి రెండు పనులూ కలిసొచ్చేవి. బల్ల అంటే రొట్టె ముక్క, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. వయసొచ్చిన ప్రతివాళ్ళూ వెళ్ళి ముందున్న చెక్క కమ్మీ దగ్గర మోకరించి, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి చాపుతారు. అయ్యగారు అందులో రొట్టె పెడతారు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ వరసలో మొట్టమొదట మోకరించేది అత్తయ్యే.

ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, గుప్పెడు ఎవరేస్తన్నారు అని. బావ భార్య నాకు చెల్లెలి వరస, పొదిలి పిల్ల. నీళ్ళకి కటకటలాడే ఊళ్ళో పుట్టింది కాబట్టి ఏదీ వృథా చెయ్యదు, మాటతో సహా. "నేనేస్తన్నా అత్తా" అంది. "అది నీది. మరి నాది?" అంది అత్తయ్య. మర్నాటి నుంచి ఆ పిల్ల పూటకి రెండు గుప్పెళ్ళు తియ్యడం మొదలుపెట్టింది, ఒకటి తన పేర, ఒకటి అత్తగారి పేర. అత్తయ్య ఒప్పుకోలేదు. "నీ చేత్తో తీసింది నాదెట్టా అయిద్ది?" అంది. "అయితే నీ ఎడంచేత్తో తియ్యి" అంది చెల్లెలు. ఆ మాటకి అత్తయ్య కోడలి వంక చూసిన చూపు, చర్చిలో చెప్పులేసుకు తిరిగినవాడి వంక కూడా ఎప్పుడూ చూసి ఉండదు. దేవుడికి ఎడంచేత్తో ఇవ్వడమా? పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబుగారి భార్య అత్తయ్యకి ముప్పై ఏళ్ళ స్నేహితురాలు, ఇద్దరూ ఒకర్నొకరు వదినా అని పిలుచుకుంటారు. ఆవిడకి పాతిక నాటుకోళ్ళున్నాయి. అత్తయ్య మంచాన పడ్డప్పటి నుంచీ రోజూ ఒక గుడ్డు తెచ్చి ఇచ్చేది. "పిన్నీ, మీరన్నా చెప్పండి మా అత్తకి" అని చెల్లెలు ఆవిణ్ణి సాయం పిలిచింది. "నేనెట్టా చెప్పేదమ్మా, మాలో మంచినీళ్ళు తాగాలన్నా కుడిచెయ్యే" అని ఆవిడ వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చుంది. మతసామరస్యం అంటూ ఊళ్ళో ఎక్కడైనా ఉంటే ఆ రోజు ఆ మంచం మీద ఉంది.

ఆసుపత్రిలో చెయ్యి నొక్కుకోమని ఒక రబ్బరు బంతి ఇచ్చి పంపారు. అత్తయ్య దాన్ని పొద్దస్తమానం కుడి అరచేతిలో పెట్టుకుని దానివంకే చూస్తూ ఉండేది. చూసేవాళ్ళు ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అనుకునేవాళ్ళు. ఆవిడ శ్రద్ధ దేనిమీదో నేను రెండో నెల వెళ్ళినప్పుడు తెలిసింది. ఆ రోజు చర్చికి బయల్దేరే ముందు బియ్యం చేట తెమ్మని, తన చెయ్యి పట్టుకుని అందులో పెట్టమంది. చెల్లెలు ఆవిడ కుడిచేతిని బియ్యంలో ముంచి, వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి, గుప్పిటలా చేసి, పైన తన చెయ్యి మూసిపెట్టింది. "నువ్వు చెయ్యి తియ్యి, నేనే తీసుకుపోతా" అంది అత్తయ్య. చెల్లెలు చెయ్యి తీసింది. అత్తయ్య ఎడంచేత్తో కుడి మణికట్టుని పట్టుకుని డబ్బా దాకా మోసుకెళ్ళింది. డబ్బా జానెడు దూరంలోనే ఉంది. అక్కడికి చేరేసరికి వేళ్ళు వాటంతటవే విడిపోయి బియ్యమంతా నేలపాలయింది. అరచేతికి చెమటకి అంటుకుని రెండు మూడు గింజలు మిగిలాయి. గుమ్మంలో తిరుగుతున్న పక్కింటి కోళ్ళు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గరే ఏరుకు తిన్నాయి. "చాల్లే, చేట లోపల పెట్టు" అంది అత్తయ్య.

ఆ ఆదివారం ఆవిడ చర్చికి వచ్చింది గాని బల్లకి వెళ్ళలేదు. వెనకాల గోడవారన వేసిన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేదు. మోకరించలేక అనుకున్నాను. మరుసటి నెలా లేవలేదు. నాలుగో నెల వెళ్ళినప్పుడు వరసలో మొదటి చోటు ఖాళీగా ఉంది, ఎవరూ అక్కడ మోకరించడం లేదు. ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకు వెళ్ళట్లేదని. ఆవిడ ఒళ్ళోని చేతిని ఎడంచేత్తో తీసి పక్కన పెట్టింది. "నేను ఎవరింటికన్నా ఉట్టి చేతుల్తో పోయానంట్రా ఎప్పుడన్నా?" అంది. పోలేదన్నాను. నిజమే, పక్కవీధిలో ఇంటికి వెళ్ళినా కొంగులో రెండు వంకాయలన్నా కట్టుకుని వెళ్ళేది. "ఇప్పుడు ప్రభువు దగ్గరికి ఉట్టి చేతుల్తో పోతన్నా. యాభై ఏళ్ళు ఎట్టాగో పెడతా వచ్చా, చివరికొచ్చి ఆగిపోయింది. పెట్టేదానికి చెయ్యి లేదు, ఏం మొగం పెట్టుకుని ఆయన ముందర చెయ్యి చాపను? నన్ను రానీడురా." గొంతు మామూలుగానే ఉంది, పప్పులో ఉప్పు సరిపోలేదని చెప్పినట్టుంది. ఆవిడకి చావంటే భయం లేదని నాకు తెలుసు. చచ్చి అక్కడికి వెళ్ళాక గుమ్మంలో నిలబెడతారని భయం. జీవితమంతా గట్టిగా అరిచి బతికిన మనిషి అలా నెమ్మదిగా మాట్లాడుతుంటే నాకు దుఃఖం వచ్చింది, మందుల కవరు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

అయ్యగారితో చెప్పాను. కుర్రాయన, వాడరేవు నుంచి వచ్చాడు, తండ్రి సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. చదువుకున్నవాడు, కృప మీద వరసగా ఆరు వారాలు ప్రసంగం చేసి ఊరివాళ్ళ మెప్పు పొందినవాడు. మర్నెల మొదటి ఆదివారం బల్ల అయ్యాక, మధ్యాహ్నం నాతోపాటే ఇంటికొచ్చి అత్తయ్య ముందు పీట మీద కూర్చున్నాడు. రక్షణ మనం సంపాదించుకునేది కాదమ్మా అన్నాడు. అవునండి అంది. ఆయన ఊరికే ఇస్తాడు, మనం నమ్మి పుచ్చుకోవడమేనమ్మా అన్నాడు. అవునండి అంది. ఆయన ఎక్కడైనా మాట కోసం తడుముకుంటే ఈవిడే అందించింది. పోనీ రొట్టె చేతిలో వద్దు, నోట్లోనే పెడతానన్నాడు. "పసిపిల్లనా అయ్యగారూ, నలుగురిలో నోరు తెరవటానికి" అంది. ఆయన నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను. చివరికి ఆయన, "దేవుడికి మీ గుప్పెడు బియ్యంతో పనేముందమ్మా" అన్నాడు కొంచెం విసుగ్గానే.

సరిగ్గా అప్పుడే పక్కింటావిడ కొంగులో గుడ్డు పట్టుకుని లోపలికొచ్చింది. బియ్యం మాట వినపడి, ఓదార్పుగా ఉంటుందనుకుందో ఏమో, "గుప్పెడు బియ్యం గురించి దిగులు దేనికి వదినా, మా కోళ్ళకి వేరే మేత ఉందిలే" అంది. అత్తయ్యకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. చెల్లెలు మాత్రం గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. "మీ కోళ్ళేంది?" అంది అత్తయ్య. "అదేలే, చర్చి బియ్యం. అయ్యగారింటి అమ్మగారు నాకే ఇచ్చిద్ది గదా ప్రతి సోమవారం. ఊరికే వచ్చిన మేత, ఆ గుడ్లు అమ్ముకుంటే ఏం బాగుంటదని రోజుకోటి నీకు తెచ్చిస్తన్నా" అంది ఆవిడ, గుడ్డు అత్తయ్య ఎడంపక్క మంచం మీద పెడుతూ. అందరం అయ్యగారి వంక చూశాం. ఆయన మొహం కల్లంలో కాయలా అయింది. చెప్పక తప్పింది కాదు. వాళ్ళ ఆవిడ పుట్టిల్లు తెనాలి దగ్గర, మాగాణి ఊరు. అక్కడి నుంచి బస్తాలు వస్తాయి. ఈ కలగాపులగం బియ్యం పిల్లలు తినలేకపోతున్నారు. వద్దంటే జనం బాధపడతారని బుట్ట తీసుకుంటున్నారు, తీసుకుని వెనక గుమ్మంలోంచి కోళ్ళకి ఇస్తున్నారు. ఊళ్ళో చాలామందికి తెలుసు. అత్తయ్యకి మాత్రం చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆరు వారాలు నదురూ బెదురూ లేకుండా కృపని ప్రకటించిన మనిషి, ఒక ముసలావిడకి ఆమె బియ్యం కోళ్ళు తింటున్నాయని చెప్పలేక నాలుగేళ్ళు నోరు మూసుకున్నాడు. "మేం వచ్చిన దగ్గర్నుంచీ అంతేనమ్మా. క్షమించండి" అన్నాడు.

అత్తయ్య కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. "మీరేం చేస్తార్లే అయ్యగారూ, పిల్లలు తినకపోతే" అని ఆయన్ని పంపించేసింది. పక్కింటావిడ తను ఏం తప్పు మాట్లాడిందో తెలియక కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నాకు నాలుగింటి దాకా బస్సు లేదు. ఫ్యాను కింద ఇద్దరం కూర్చున్నాం. గుడ్డు మంచం మీదే ఉంది. ఆవిడ దానివంక చాలాసేపు చూసింది. నాకు భయమేసింది. ఉన్న ఒక్క ఆధారం కూడా కోళ్ళపాలయిందని మనిషి కుంగిపోతుందనుకున్నాను.

"అల్లుడూ" అంది చివరికి. "ఈ నాలుగేళ్ళూ నా గుప్పెడు దేవుడికి అందలా."

"లేదత్తా. కోళ్ళకి అందింది."

"మరి కిందటేడు నీ బావ ట్రాక్టరు బోల్తాపడితే గీత కూడా పడకుండా లేచొచ్చాడు. నాకు పక్షవాతం వచ్చి పోయేదాన్ని, పోలా. అయ్యన్నీ నేను పెట్టినదానికేననుకున్నా. అప్పుడు కూడా తిన్నది కోళ్ళేగా. మరి దేన్ని చూసి చేశాడంటావు?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. ఆవిడకి అంతకంటే బాగా తెలుసు, ఆరేళ్ళప్పటి నుంచీ తెలుసు. ఆదివారం బడిలో అరిచిన మాటే అది. ఆవిడ ఎడంచేత్తో గుడ్డుని అటూ ఇటూ దొర్లించింది. తర్వాత నా వంక చూడకుండా, "ఆ ముసురులో నీ కడుపులోంచి తీసి డబ్బాలో వేశాను గుర్తుందా?" అంది. నేను అదిరిపడ్డాను. ఆవిడకి గుర్తుంటుందని నేనెన్నడూ అనుకోలేదు. "పొయ్యి పక్కన కూర్చుని ఏడిచావు. ఆయన అడగలేదురా. నేనే భయపడి వేశా. వెయ్యకపోతే ఏం జరుగుతదోనని."

నాకు గుర్తులేదత్తా అన్నాను. జీవితంలో నేనాడిన అబద్ధాల్లో అదొక్కటే ఏ తడబాటూ లేకుండా వచ్చింది. ఇన్నేళ్ళు దాచుకున్న కోపం ఆ క్షణాన వెతికితే దొరకలేదు. ఆవిడ నమ్మిందో లేదో తెలియదు. "ఆ గుడ్డు ఉడకెయ్యమను" అని వంటింటి వైపు కేకేసింది, చాలా నెలల తర్వాత పాత గొంతుతో.

మర్నెల నేను వెళ్ళేసరికి ఆరాధన మొదలైపోయింది. అత్తయ్య వెనక కుర్చీలోనే ఉంది. రొట్టెకి పిలుపు రాగానే కర్ర నేలకి తాకిన చప్పుడు వినపడింది. లేచింది. చెల్లెలు పట్టుకోబోతే వద్దంది. చర్చి మొత్తం పొడవునా, కాలు ఈడ్చుకుంటూ, ఎవరివంకా చూడకుండా నడిచింది. ఆ నడక ఎంతసేపు పట్టిందంటే పాట అయిపోతే మళ్ళీ మొదటి చరణం నుంచి ఎత్తుకున్నారు. మొదటి చోటు ఖాళీగానే ఉంది. మోకరించడం కుదరక కమ్మీని ఆనుకుని నిలబడింది, కర్రని కమ్మీకి చేరవేసింది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. ఎడంచెయ్యి చాపింది. విప్పిన అరచెయ్యి, ఉట్టి ఎడంచెయ్యి. ముందు వరసలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం చూశాను. అయ్యగారు ఒక్క క్షణం ఆగాడు, తర్వాత వంగి ఆ చేతిలో రొట్టె పెట్టాడు. ఆవిడ తిన్నది. ఆ వాడరేవు కుర్రాయన కళ్ళు తుడుచుకోవడం నాకు కనిపించింది. నా కళ్ళ సంగతి నేను చూసుకునే స్థితిలో లేను.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను, ఎడంచెయ్యి చాపావేంటత్తా అని. ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని, నేనింకా బడికి వెళ్ళే కుర్రాణ్ణయినట్టు చూసింది. "ఆ మర్యాదలన్నీ ఇచ్చేవాళ్ళకిరా. ఆకలేసినోడు చెయ్యి చాపితే అది కుడిదా ఎడందా అని పెట్టేవాళ్ళెవరన్నా చూస్తారా?" అంది. అంతే, అంతకంటే ప్రసంగం చెయ్యలేదు. ఆకలైందని అన్నం పెట్టమంది.

ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. గుప్పెడు సంగతి మళ్ళీ ఎత్తలేదు. చెల్లెలు తన గుప్పెడు తను తీసుకుంటుంటే చూసి, "నిండా తియ్యవే, కోళ్ళు బక్కచిక్కిపోతన్నయ్యి" అని ఆటపట్టించేది. తను మాత్రం పొద్దున్నే గుమ్మంలో కుర్చీ వేయించుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, పక్కింటి కోళ్ళకి ఎడంచేత్తో నూకలు చల్లుతూ కూర్చునేది. ఇదివరకు గింజ నేల మీద పడితే ఊరుకోని మనిషి, ఎన్ని చల్లుతోందో కూడా చూసుకునేది కాదు. దేనికోసం చేస్తున్నావని నేనడిగితే, దేనికోసమూ కాదు, ఊరికేనే అంది. ఒక వేసవి పొద్దున, పెద్దగా ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా పోయింది. ఆవిడ వెళ్ళిన చోట గుమ్మంలో నిలబెట్టి ఉంటారని నేననుకోను. ఆరేళ్ళ వయసులో నోటికొచ్చిన జవాబు చేతి దాకా దిగడానికి అత్తయ్యకి డెబ్బై ఎనిమిదేళ్ళు రావాల్సి వచ్చింది. నాకింకా అరవై ఆరే, పైగా రెండు చేతులూ బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి, నాకు ఇంకా చాలా కాలమే పట్టేట్టుంది.